బావగారి మెదడు, మన ఉగాది బ్యానరు

పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెబుతున్నా. నా పొడుగు పోస్టుల మీద గ్రూపులో జోకులు నడుస్తాయని తెలుసు, నవ్వుకోండి, పర్వాలేదు. ఈసారి మాత్రం కాఫీ కలుపుకుని కూర్చుని చివరిదాకా చదవండి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ కన్నడ బడిలో చదువుకున్నవాళ్ళు మనలో సగానికి పైనే ఉన్నారు. వాళ్ళకి ఎవరైనా చదివి వినిపించండి. ఇది వాళ్ళకీ సంబంధించిన విషయమే.

పోయిన నెల కమిటీ మీటింగులో రెండు అంశాలు వచ్చాయి. మొదటిది, ఉగాది వేడుకకి ఒక క్లినిక్ వాళ్ళు స్పాన్సర్ చేస్తామన్నారు. వేదిక వెనక బ్యానరు, గేటు దగ్గర ఒక టేబులు, 'ఉచిత సలహా శిబిరం'. ఆ బ్యానరు మీద ఏముంటుందో నమూనా కూడా చూపించారు: స్టెమ్ సెల్స్‌తో ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, పార్కిన్సన్స్, పక్షవాతం అన్నిటికీ చికిత్స. నాలుగు నిమిషాల్లో ఆమోదం అయిపోయింది. చప్పట్లు కూడా కొట్టారు. రెండోది నేను పెట్టింది. అదే వేడుకలో ఒక అరగంట, మెదడు జబ్బుల పరిశోధనకి మనుషుల నాడీకణాలు ఎందుకు కావాలి, మెదడు దానం అంటే ఏమిటి అని ఒక డాక్టరు చేత మాట్లాడిద్దాం అన్నాను. 'పండగ పూట శవాల మాటలేంటండీ' అన్నారు ఒక పెద్దాయన. 'అశుభం' అన్నారు ఇంకొకరు. వాయిదా. ఎప్పటికి అంటే చెప్పలేదు.

ఆ రెండు అంశాలూ ఒకటే అంశం. ఒకటి నిజం, ఒకటి దాని నకిలీ. మనం నకిలీకి వేదిక ఇచ్చాం, నిజాన్ని గేటు బయట నిలబెట్టాం. ఎవరిమీదో కోపంతో రాస్తున్నాననుకోకండి. ఈ తప్పు నేను మీకంటే ముందే చేశాను. అది కూడా చెబుతాను.

మా బావగారు, అంటే మా అక్కయ్య భర్త, చాలామందికి తెలుసు. పాతికేళ్ళు మన సంఘం లెక్కలు రాసిన చెయ్యి ఆయనది. ముందు ఆ చేతిరాత చిన్నదవడం మొదలైంది. రసీదు పుస్తకంలో అక్షరాలు చీమలంత అయిపోయాయి. 'కళ్ళజోడు మార్చుకోండి బావా' అని నేనే ఎగతాళి చేశాను. తర్వాత చెయ్యి వణకడం, నడక చిన్న చిన్న అడుగులుగా మారడం, ముఖంలో నవ్వు కనపడకపోవడం. పార్కిన్సన్స్ అన్నారు. పదకొండేళ్ళు బతికారు. చివరి మూడేళ్ళు మా అక్కయ్యే ఆయన చేతులు, ఆయన కాళ్ళు.

ఆయన పోయిన రాత్రి, ఆసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ వచ్చి చాలా మెల్లగా, చాలా మర్యాదగా అడిగింది. 'పరిశోధన కోసం ఆయన మెదడు ఇవ్వడానికి మీ కుటుంబం ఒప్పుకుంటుందా?' అని. అక్కయ్య నా ముఖం చూసింది. నిర్ణయం నాది అని ఆ చూపుకి అర్థం. నేను 'కుదరదమ్మా' అన్నాను. ఆలోచించడానికి ఒక నిమిషం కూడా తీసుకోలేదు. తెల్లారేసరికి విల్సన్ గార్డెన్ విద్యుత్ శ్మశానంలో కార్యం ముగించాం. వారం తర్వాత అక్కయ్య ఒక మాట అంది. 'ఆయన్నడిగితే ఇచ్చేవారురా, లెక్కల మనిషి కదా, ఎక్కడ తప్పిందో చూసుకోమనేవారు' అని. అప్పట్నించి ఆ విషయం చదువుతూ వస్తున్నాను.

చదివింది చెబుతాను. గుండె జబ్బైతే రక్తం తీస్తారు, ఫోటో తీస్తారు, అవసరమైతే చిన్న ముక్క కోసి చూస్తారు. కాలేయమైనా అంతే. మెదడు విషయంలో అలా కుదరదు. బతికున్న మనిషి మెదడు నుంచి 'చూద్దాం' అని ముక్క తీయలేరు. పైగా పూర్తిగా ఎదిగిన నాడీకణం విభజన చెందదు. ఒకటి తెచ్చి గాజు పళ్ళెంలో పెంచి వందగా చేసుకుందాం అంటే కుదిరేది కాదు. మన తలలో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి, కానీ శాస్త్రవేత్త చేతికి ఒక్కటీ సులభంగా అందదు.

'ఎలుకలు ఉన్నాయి కదా' అంటారు. ఉన్నాయి. ఎలుకలకి అల్జీమర్స్ దానంతటది రాదు. మనిషి జన్యువులు చొప్పించి రప్పించాలి. అలా రప్పించిన ఎలుకల్లో బాగా పనిచేసిన మందులు మనిషి దగ్గరికొచ్చేసరికి వరసగా చతికిలపడ్డాయి. పార్కిన్సన్స్ సంగతి ఇంకా విచిత్రం. మెదడు అడుగున, నడిమెదడులో, రెండు పక్కలా నల్లటి చారలాంటి భాగం ఉంటుంది. కోసి చూస్తే కంటికే కనిపించేంత నలుపు. డోపమైన్ తయారుచేసే కణాలు అక్కడుంటాయి, వాటిలో పేరుకునే ఒక రంగు పదార్థం వల్ల ఆ నలుపు. పార్కిన్సన్స్ రోగి మెదడులో ఆ చార వెలిసిపోయి ఉంటుంది. ఆ నలుపు ఎలుక మెదడులో అలా ఏర్పడదు. చెయ్యి మొదటిసారి వణికే నాటికే ఆ కణాల్లో సగం దాకా పోయి ఉంటాయని లెక్క. అంటే మా బావగారి చేతిరాత చిన్నదైన రోజుకే ఇల్లు సగం కాలిపోయింది. ఎందుకు ఆ కణాలే చస్తాయి, పక్కనున్నవి ఎందుకు బతుకుతాయి అన్నది తెలుసుకోవాలంటే మనిషి కణాలనే చూడాలి.

ఆ కణాలు ఎక్కడినుంచి వస్తాయి? నాకు తెలిసినంతలో ముఖ్యమైన దారులు నాలుగు.

పాత దారి, చనిపోయినవాళ్ళు ఇచ్చిన మెదడు. మన హోసూరు రోడ్డు మీద నిమ్హాన్స్‌లోనే 1995 నుంచి మెదడు బ్యాంకు నడుస్తోంది. దాన్ని నిలబెట్టినవారు డాక్టర్ ఎస్.కె. శంకర్ గారు. పూర్తి పేరు సుసర్ల కృష్ణ శంకర్. ఆ ఇంటిపేరు వినగానే కొందరు నిటారుగా కూర్చుంటారని తెలుసు, అందుకే చెప్పాను. దేశంలోని పరిశోధకులకి అక్కడినుంచి మెదడు కణజాలం అందుతుంది. కొంత భాగం ఫార్మలిన్‌లో, కొంత మైనస్ 80 డిగ్రీల చలిలో భద్రం చేస్తారు. ప్రాణం పోయిన కొద్ది గంటల్లోనే తీయాలి, ఆలస్యమైతే కణాల్లోని సున్నితమైన పదార్థాలు పాడవుతాయి. మనం 'రేపు ఆలోచిద్దాం' అనే రకం కదా, ఇక్కడ రేపు ఉండదు. ముఖం ఏమీ చెడదు, కోత జుట్టు కిందికి పోతుంది, దేహాన్ని ఇంటివాళ్ళకే ఇస్తారు, కర్మలన్నీ మామూలుగా చేసుకోవచ్చు. ఇది ఆ రాత్రి నాకు తెలిసుంటే అన్న మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

రెండో దారి, మూర్ఛవ్యాధి లాంటి వాటికి చికిత్సలో భాగంగా ఎలాగూ తీసేసే మెదడు ముక్క. రోగి ఒప్పుకుంటే దాన్ని పారేయకుండా పరిశోధనకి ఇస్తారు. అందులో నాడీకణాలు ఇంకా బతికే ఉంటాయి, సరైన ద్రవంలో పెడితే విద్యుత్ సంకేతాలు పంపుతూనే ఉంటాయి.

మూడోది కణాల వరసలు. ప్రపంచంలో చాలా పార్కిన్సన్స్ ప్రయోగశాలల్లో ఉండే ఒక వరస పేరు ఎస్‌హెచ్-ఎస్‌వై5వై. 1970లో అమెరికాలో నాడీకణాల క్యాన్సరు వచ్చిన నాలుగేళ్ళ పాప ఎముక మజ్జ నుంచి తీసిన కణాల సంతతి అది. ఆ పాప పేరు మనకి తెలియదు. ఆ కణాలు మాత్రం ఇంకా విభజన చెందుతూనే ఉన్నాయి. క్యాన్సరు కణాలు కాబట్టి ముసలివాళ్ళ మెదడు కణాలకి నకలు కావు, కానీ వేల పరిశోధనలు వాటి మీదే జరిగాయి. నాలుగేళ్ళ పసిబిడ్డ అంత ఇచ్చింది. డెబ్బై దాటిన మనం అశుభం అంటున్నాం.

నాలుగోది కొత్తది, మనకి చాలా దగ్గరిది. జపాన్‌లో షిన్యా యమనక 2006లో ఎలుక కణాలతో, 2007లో మనిషి కణాలతో ఒక పని చేసి చూపించాడు. మామూలు చర్మకణానికి నాలుగు జన్యువులు అందిస్తే అది వెనక్కి నడిచి, పుట్టకముందటి మూలకణంలా మారిపోతుంది. దాన్నుంచి మళ్ళీ ఏ కణమైనా తయారుచేయొచ్చు, నాడీకణం కూడా. 2012లో ఆయనకి నోబెల్ వచ్చింది. అంటే తల తెరవక్కర్లేదు. ఒక సిరంజి రక్తం నుంచి, కొన్ని నెలల ఓపికతో, ఆ మనిషి జన్యువులే ఉన్న నాడీకణాలు పళ్ళెంలో పెరుగుతాయి. 2016లో జికా వైరస్ పుట్టబోయే బిడ్డల మెదడుని ఎందుకు చిన్నది చేస్తోందో పసిగట్టడానికి తోడ్పడినవి ఇలాంటి కణాలే. లోటు కూడా చెప్పాలి. ఈ కణాలు వయసు మరిచిపోయిన కణాలు. డెబ్బై ఏళ్ళ మనిషివైనా పళ్ళెంలో పసివాడి కణాల్లా ప్రవర్తిస్తాయి. అందుకే పాత దారి ఇంకా అవసరం.

ఈ పని ఎక్కడో బోస్టన్‌లోనో క్యోటోలోనో మాత్రమే జరుగుతోందని అనుకోకండి. బళ్ళారి రోడ్డు మీద జి.కె.వి.కె. ఆవరణలో ఎన్.సి.బి.ఎస్., ఇన్‌స్టెమ్ అనే రెండు సంస్థలున్నాయి. మీలో చాలామంది ఎయిర్‌పోర్టుకి పోతూ ఆ గేటు దాటే ఉంటారు. వాళ్ళు నిమ్హాన్స్‌తో కలిసి, ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి తీవ్రమైన మానసిక జబ్బులున్న ఇళ్ళవాళ్ళ రక్తం తీసుకుని, దాన్నుంచి మూలకణాలు, వాటినుంచి నాడీకణాలు పెంచి చూస్తున్నారు. స్కిజోఫ్రీనియా, బైపోలార్, అబ్సెసివ్ జబ్బు, వ్యసనం, మతిమరుపు, ఈ ఐదూ వాళ్ళ పట్టికలో ఉన్నాయి. జబ్బున్న అన్న కణాలు, లేని తమ్ముడి కణాలు పక్కపక్కన పెట్టి తేడా వెతుకుతున్నారు.

ఇప్పుడు మన బ్యానరు సంగతికి వద్దాం.

మా చిన్నాన్న కూతురి కొడుక్కి సెరిబ్రల్ పాల్సీ. వాడికి ఆరేళ్ళప్పుడు ఇలాంటి క్లినిక్ ఒకటి (ఇదే కాదు, పేరు చెప్పను) వాళ్ళని పట్టుకుంది. కోలారు వైపున్న సైటు అమ్మారు. మూడు సిటింగులు. వాడి తుంటి ఎముకలోంచి మజ్జ తీసి, ఏదో చేసి, వెన్నులోకి ఎక్కించారు. 'ఈ కణాలు మెదడులోకి పోయి కొత్త నాడీకణాలు అవుతాయమ్మా' అని కాగితం మీద బొమ్మ గీసి చూపించారట. ఎముక మజ్జ కణాలు అలా వెళ్ళి నాడీకణాలుగా మారి మెదడుని బాగు చేస్తాయని ఎవరూ రుజువు చేయలేదు. వాడు ఏడాది తర్వాత కొంచెం మెరుగ్గా కూర్చోగలిగాడు. ఆ ఏడాదంతా మా చెల్లెలు రోజుకి రెండు గంటలు వాడికి వ్యాయామం చేయించింది, వాడికి ఒక ఏడు వయసు పెరిగింది. ఆ మెరుగంతా క్లినిక్ ఖాతాలో పడింది, వీడియో తీసి పెట్టుకున్నారు కూడా. నేను అరిస్తే ఆ పిల్ల అన్న మాట: 'అన్నయ్యా, ఏమీ చెయ్యకుండా కూర్చుంటే రేపు వాడు నన్నడిగితే ఏం చెప్పను?' దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న మీదే ఆ వ్యాపారం బతుకుతోంది.

ఐ.సి.ఎం.ఆర్. 2017 మార్గదర్శకాలు చదవండి, నెట్‌లో దొరుకుతాయి. రక్త సంబంధ జబ్బులకి చేసే మజ్జ మార్పిడి లాంటివి తప్ప మిగతా స్టెమ్ సెల్ వాడకమంతా పరిశోధన కిందే లెక్క. పరిశోధనకి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు, ప్రకటనలు వేసుకోకూడదు. ఆటిజానికి దీన్ని వాడటం తగదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. మనం మాత్రం ఉగాది పంచాంగ శ్రవణం వెనక ఆ బ్యానరు కడతామంటున్నాం. డెబ్బై వేలు ఇస్తారట. సైటు అమ్మిన చెల్లెలు వేడుకకి వస్తుంది, నేనే తీసుకొస్తాను. ఆ బ్యానరు కింద ఆమెకి పులిహోర ఎవరు వడ్డిస్తారో చూస్తాను.

నిజమైన పని ఎలా ఉంటుందో తెలియాలంటే క్యోటో చూడండి. యమనక దారిలో తయారైన డోపమైన్ కణాలని పార్కిన్సన్స్ రోగి మెదడులో అక్కడ మొదటిసారి 2018లో పెట్టారు. ఫలితాలు 2025లో ప్రచురించారు. మొత్తం ఎంతమందికి? ఏడుగురికి. రెండేళ్ళు వెంటపడి గమనించారు. ప్రమాదకరంగా ఏమీ జరగలేదు, కొందరిలో కదలికలు మెరుగయ్యాయి, ఇంకా పెద్ద పరీక్షలు కావాలి అన్నారు. అంతే. ఏడేళ్ళు, ఏడుగురు, అయినా 'గ్యారంటీ' అన్న మాట వాళ్ళ నోట రాలేదు. మన బ్యానరు మీద ఆ మాట రెండుసార్లుంది, ఒకసారి ఎర్ర అక్షరాల్లో.

ఇక అభ్యంతరాలు. 'దేహం కోస్తే సద్గతి ఉండదు' అన్నది మొదటిది. ఇదే కమిటీ ప్రతి ఏటా నేత్రదాన శిబిరం పెడుతుంది, ఫోటోల్లో అందరూ ఉంటారు. కళ్ళు తీస్తే లేని దోషం మెదడు తీస్తే ఎలా వచ్చింది? వెన్నెముక దానమిచ్చిన దధీచి కథ హరికథలో వస్తే కళ్ళు తుడుచుకునేవాళ్ళం మనమే.

'మన కణాలతో కంపెనీలు కోట్లు సంపాదిస్తాయి' అన్నది రెండోది. ఈ మాటకి నేను తల వంచుతాను, ఎందుకంటే ఇది జరిగిన చరిత్ర. 1951లో అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళ క్యాన్సరు కణాలని ఆమెనడగకుండా తీసుకున్నారు. ప్రపంచమంతా వాడింది, వ్యాపారం చేసింది. ఆమె కుటుంబానికి ఒక కంపెనీ రాజీకి రావడానికి 2023 దాకా పట్టింది. ఈ భయం న్యాయమైనది. కానీ భయానికి మందు అడగడం. ఒప్పంద పత్రం మన భాషలో ఉందా? ఎవరికి ఇస్తారు? పేరు బయటికి వస్తుందా? మధ్యలో వద్దంటే ఆపుతారా? ఈ ప్రశ్నలు అడగడానికి సంఘం ఉంది. తిరుమల యాత్రకి బస్సు మాట్లాడేటప్పుడు డ్రైవరు బత్తాతో సహా అడుగుతాం కదా. ఇంగ్లీషు, కన్నడ రాని మన ముసలమ్మకి ఒప్పంద పత్రం తెలుగులో చదివి చెప్పే ఇద్దరు వాలంటీర్లని సంఘం ఇస్తే ఎంత ఖర్చు?

మూడోది ఎవరూ పైకి అనరు, అసలు కారణం అదే. 'మా ఇంట్లో ఈ జబ్బుందని తెలిస్తే పిల్లకి సంబంధాలు రావు.' ఒప్పుకుంటాను, మన పెళ్ళిసంబంధాల గ్రూపులో నేనే అడ్మిన్ని, ఆ ఫోన్లు నాకే వస్తాయి. అయితే ఇంకో సంగతి కూడా మాట్లాడుకోవాలి. తరతరాలుగా మేనరికాలు, మేనమామ పెళ్ళిళ్ళు, నాలుగు ఇంటిపేర్ల మధ్యే ఇచ్చిపుచ్చుకోవడాలు. ఊరొదిలి రెండు మూడు వందల ఏళ్ళయినా ఆ కంచె మాత్రం వదల్లేదు. ఇద్దరిలోనూ దాగున్న ఒకే లోపం బిడ్డలో బయటపడే అవకాశం అలా పెరుగుతుంది. తెలుగు వైశ్యుల్లో కొందరికి ఒక ఎంజైము తక్కువగా ఉండి, ఆపరేషన్‌కి ముందు కండరాలని సడలించడానికి ఇచ్చే ఒక మందు నిమిషాలకి బదులు గంటల తరబడి పట్టి ఉంచుతుంది, సొంతంగా ఊపిరి తీసుకోలేరు. అది తెలిసింది కాబట్టి ఇవాళ మత్తు డాక్టర్లు ముందే అడిగి జాగ్రత్తపడుతున్నారు. బయటపెడితే పరువు పోలేదు, ప్రాణాలు నిలిచాయి. ప్రపంచంలో జన్యు సమాచారం ఎక్కువగా యూరప్ మూలాలవాళ్ళది. వాళ్ళ కణాల మీద వెతికిన జవాబు మన ఇళ్ళ జబ్బుకి సరిపోతుందని రాసిచ్చినవాళ్ళు లేరు.

'మనకేంటి లాభం' అని కూడా అడిగారు. లాభం లేదు. రక్తమిచ్చినా మెదడిచ్చినా మీ జబ్బు తగ్గదు. తగ్గుతుందని ఎవరైనా చెబితే వాళ్ళు మన బ్యానరు స్పాన్సర్లే అయ్యుంటారు.

నేను అడుగుతున్నవి ఇవి. బ్యానరు తీసేయండి. ఆ డెబ్బై వేలు పోతే పోనీ, నా వంతు పది వేలు ఈ రాత్రే ట్రెజరర్ గారికి వేస్తాను. అరగంట ప్రసంగం ఉగాదికి వద్దనుకుంటే వనభోజనాలకి పెట్టండి, తేదీ మాత్రం మినిట్స్‌లో రాయండి. లేదంటే వచ్చే సర్వసభ్య సమావేశంలో ఇదే తీర్మానం మళ్ళీ పెడతాను, ఓటింగు అడుగుతాను, చేతులు ఎత్తి.

నా మెదడు ఇవ్వడానికి నా ఇష్టం రాసి పెట్టాను. అయితే మనం రాసిపెట్టినా చివరికి ఆ గంటలో ఇంట్లోవాళ్ళు సరేననాలి. మా ఆవిడ ఒప్పుకుంది, 'మీ తలలో ఏముందో వాళ్ళకైనా తెలియనీ' అంటూ. మావాడు పూణె నుంచి ఫోన్లో 'చూద్దాం నాన్నా' అన్నాడు. అక్కయ్య ఆ కాగితం రెండుసార్లు చదివించుకుంది, తనకీ ఒకటి తెమ్మంది. సాక్షిగా సంతకం పెట్టమని, ఆ రోజు 'అశుభం' అన్న పెద్దాయన్నే అడిగాను. ఆదివారం పొద్దున ఇంట్లో ఉంటారా అని మెసేజ్ పెట్టాను. చూశారు. జవాబు ఇంకా రాలేదు.